పెద్దరికం గారికి, కాస్త దూరం నుంచే నమస్కారం

పెద్దరికం గారూ,

నా జుట్టు నెరిసినప్పుడు ఒకసారి తొంగిచూసి వెళ్లారు. రిటైరయ్యాక రాకపోకలు పెంచారు. తాతనయ్యేసరికి ఏకంగా పెట్టేబేడా సర్దుకుని దిగబడ్డారు. వచ్చినవారు ఓ మూల కూర్చుంటే మాకేం ఇబ్బంది లేదు. కానీ మీరు మమ్మల్ని కూర్చోమంటారు!

మీ కోరికలు రెండే. నేను కృష్ణా రామా అనుకుంటూ గడపాలి, మా ఆవిడ పగలబడి నవ్వకూడదు. రెండోది ఆ బ్రహ్మదేవుడి తరం కూడా కాదు.

మొన్న దాగుడుమూతల్లో తలుపు వెనక నక్కాను. ఊపిరి కూడా బిగబట్టాను. ఇంకాస్త వంగేసరికి మోకాలు టక్కుమంది. "తాతయ్యా, నీ మోకాలే నిన్ను పట్టించేసింది!" అంటూ మనవడు గంతులేశాడు. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి గొంతుతో మీరు అందుకున్నారు. "నాన్నా, మీ వయసేంటి, ఈ వేషాలేంటి? పడితే?"

అప్పుడర్థమైంది. మేం చోటివ్వలేదని మీరు వాడి దగ్గర మకాం పెట్టారన్నమాట. చిన్నప్పుడు బీరువా ఎక్కి మంచం మీదకు దూకినవాడు, ఇప్పుడు నేల తడిగా ఉందని మాకు జాగ్రత్తలు చెబుతున్నాడు.

"పడితే?" అన్నది మాత్రం కొట్టిపారేసే ప్రశ్న కాదు, ఒప్పుకుంటాం. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని, బ్యాలెన్స్, బలం పెంచే కసరత్తులు 3 రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఎందుకూ అంటే, పడిపోకుండా ఉండటానికే! అంటే తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గెంతుతున్న మా ఆవిడ మందు వేసుకుంటున్నట్టు, మీరు వేసిన వాలుకుర్చీలో కూర్చున్న నేను జబ్బు తెచ్చుకుంటున్నట్టు. (వాళ్లు తొక్కుడుబిళ్ల అని పేరుపెట్టి చెప్పలేదు. అది మేం అన్వయించుకున్నది.)

పిల్లల సంగతి ఆ సంస్థ అంతకు ముందు ఏడాదే తేల్చింది. 3, 4 ఏళ్లవాళ్లు రోజుకు కనీసం 3 గంటలు ఒళ్లు కదిలించాలట, స్క్రీన్ ముందు గంట దాటకూడదట. మా బుడ్డదానికి నాలుగు. దాని వెనక ఆ మూడు గంటలూ పరిగెత్తేదెవరు? మీ శిష్యుడు ఆఫీసు కాల్‌లో ఉంటాడు. మధ్యలో మ్యూట్ నొక్కి, పిల్లల్నీ మమ్మల్నీ కలిపి ఒకే చూపుతో కోప్పడతాడు.

అసలు కంటే వడ్డీ ముద్దంటారు. మా అసలేమో వడ్డీని చేతికిచ్చే ముందు సవాలక్ష షరతులు పెడుతోంది. తొమ్మిదికల్లా లైట్లు ఆపాలి. సరే, ఆపుతాం. ఆపాక దుప్పటి కింద టార్చి వెలుగుతుంది, దయ్యం కథ మొదలవుతుంది. అడుగుల చప్పుడు వినగానే అందరం గురకలు. మా ఆవిడ గురకలో సంగతులు మరీ ఎక్కువై ప్రతిసారీ దొరికిపోతాం. "అమ్మా, కనీసం నువ్వైనా..." అని వాడు సగంలోనే ఆపేస్తాడు. మిగతా సగం దుప్పటి లోపలి నవ్వుల్లో కలిసిపోతుంది.

మీతో మాకు పగేం లేదు. బ్యాంకు క్యూలో నిలబడేటప్పుడు, బస్సులో సీటు కావాల్సి వచ్చినప్పుడు తప్పకుండా వెంట రండి. అక్కడ మీ పరపతి మాకూ తెలుసు. మా అబ్బాయిని మాత్రం వదిలిపెట్టండి. వాడికింకా నలభై నిండలేదు, పైగా ఆదివారం క్రికెట్‌కి మాకు వికెట్ కీపర్ లేడు.

ఇట్లు,
ఓ తాతయ్య
(పక్కన కూర్చుని సగం ఉత్తరం చెప్పి రాయించిన నానమ్మ)