సవరణ: స్క్రబ్బింగ్, పీలింగ్‌తో పోయేవి ఏ మచ్చలు?

పీలింగ్ (యాసిడ్ పూసి చర్మం పై పొరను ఊడదీయడం) చేయించుకుంటే మొటిమల మచ్చలు పోతాయని మొన్నటి పోస్టులో ఉంది. తేలికపాటి పీలింగ్ విషయంలో ఆ మాట నల్ల మరకలకే వర్తిస్తుంది, గుంటలకు కాదు.

అద్దం ముందు వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడి బుగ్గను వేలితో తడమండి. చదునుగా ఉండి రంగే తేడాగా ఉంటే అది మరక. గ్లైకోలిక్ యాసిడ్ లాంటి తేలికపాటి పీల్ దాన్ని కొంత తగ్గిస్తుంది. వేలికి గుంట తగిలితే దెబ్బతిన్నది లోపలి పొరలోని కొల్లాజెన్, అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్. పై పొరను ఎంత రుద్దినా అక్కడికి చేరదు. దానికి మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో గుచ్చడం), సబ్‌సిషన్ (గుంటను లోపలికి లాగే పోగులను చర్మం కింద సూదితో తెంచడం), లేజర్ లాంటివి కావాలి, అప్పుడు కూడా తగ్గుతుందే గానీ పూర్తిగా మాయం కాదు. ఉబ్బెత్తుగా పెరిగే కెలాయిడ్‌ను మాత్రం దయచేసి గీకకండి, ఇంకా పెరగొచ్చు. దానికి సాధారణంగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు.

మన చామనఛాయ చర్మం గట్టిగా రుద్దితే కొత్తగా నల్లబడుతుంది. పైగా కర్నూలు ఎండలు! పీల్ తర్వాత సన్‌స్క్రీన్ తప్పనిసరి. పెళ్లి దగ్గర పడిందని పార్లర్‌లో గాఢమైన యాసిడ్ పెట్టించుకోవద్దు. ముందు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోండి.