గ్రాసియాస్ అంటే తప్పేంటి?

చాలా రోజుల్నుంచి ఈ కోపం లోపలే పెట్టుకున్నా, ఇవ్వాళ రాసేస్తున్నా. స్పానిష్ నేర్చుకుందామని ఒక కోచింగ్‌లో చేరితే రెండో వారమే, థాంక్యూ అనడానికి నేను గ్రాసియాస్ అంటే, సార్ అందరి ముందు ఆపేసి "గ్రాసియాస్ కాదమ్మా, గ్రాథియాస్ అనాలి, అదే అసలు స్పానిష్" అన్నారు. నేనేమో ఆఫీసులో మెక్సికో టీమ్‌తో రోజూ కాల్స్‌లో విని విని నేర్చుకున్న మాట అది. మరి వాళ్లందరూ పుట్టినప్పట్నుంచి తప్పు మాట్లాడుతున్నారా?

గ్రాథియాస్ అనేది స్పెయిన్ పలుకు. కానీ స్పెయిన్ జనాభా దాదాపు 5 కోట్లు, మెక్సికో ఒక్కటే 12 కోట్లు దాటింది, ఇంకా కొలంబియా, అర్జెంటీనా, పెరూ ఎన్ని దేశాలు "స" అంటాయో! అంతెందుకు, స్పెయిన్‌కే చెందిన కానరీ దీవుల్లో కూడా "స" అనే పలుకుతారు. కంప్యూటర్‌ని స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఆర్దెనదోర్ అంటారు, మెక్సికోలో కొంపుతదోరా అంటారు. అర్జెంటీనా వాళ్లయితే "నువ్వు" అనడానికి "తూ" బదులు "వోస్" అంటారు, దానికి క్రియ కూడా మారిపోతుంది. ఇవన్నీ స్పానిషే కదా.

మనకి ఈ బాధ తెలీదా చెప్పండి? తెలంగాణ యాసలో మాట్లాడితే నవ్వి, పుస్తకాల్లో ఇంకో ప్రాంతం మాటే పెట్టి, అదే మంచి తెలుగు అని ఎన్నేళ్లు నేర్పారు! ఆ నొప్పి తెలిసిన ఊళ్లో కూర్చుని ఇంకో భాషకి అదే పని చేయడం నాకస్సలు నచ్చలేదు.

స్పానిష్‌ని ప్రపంచమంతా నేర్పడానికి స్పెయిన్ ప్రభుత్వం 1991లో ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ పెట్టింది, ఢిల్లీలో కూడా సెంటర్ ఉంది, అంత శ్రద్ధ చూస్తే నాకు నిజంగా గౌరవం. వాళ్లు కూడా మాడ్రిడ్ పలుకే స్పానిష్ అని కూర్చోలేదు. 2016లో సియెలే అనే స్పానిష్ పరీక్ష మొదలుపెట్టినప్పుడు మెక్సికో నేషనల్ యూనివర్సిటీని కలుపుకున్నారు, అందులో రకరకాల దేశాల యాసలు వినిపిస్తాయి. 1713 నాటి మాడ్రిడ్ భాషా అకాడమీ కూడా ఇప్పుడు డిక్షనరీని అమెరికా ఖండం అకాడమీలతో కలిసే తయారుచేస్తోంది. అక్కడ పెద్దలే ఒప్పుకున్నాక ఇక్కడ కోచింగ్‌లో మనకెందుకు ఈ పట్టుదల?

కొత్తగా చేరేవాళ్లు ఫీజు కట్టేముందే అడగండి, లిస్నింగ్‌కి ఏ దేశాల ఆడియో వినిపిస్తారని. ఒక్క స్పెయినే అంటే, కొలంబియాలోని బొగోటా, అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్ రేడియోలు ఇంటర్నెట్‌లో ఫ్రీగానే వస్తాయి, రోజూ ఒక అరగంట వినండి.