ఆదివారం మందిరానికి రానివాళ్లు ఎక్కడున్నారు?

పల్లె సంఘాల పాస్టర్లు ఇద్దరు కలిస్తే వందనాలు అయ్యాక మొదట వచ్చే మాట "మీ దగ్గర ఆరాధనకు ఎంతమంది వస్తున్నారు?" అన్నదే. కరోనా ముందు నిండుగా ఉన్న మందిరాలు చాలా ఊళ్లలో ఇప్పుడు పలచబడ్డాయి. వచ్చేవాళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు, చిన్నపిల్లలే ఎక్కువ. యవ్వనస్థులు కనబడేది క్రిస్మస్‌కి, గుడ్‌ఫ్రైడేకి. జనంలో విశ్వాసం చల్లారిపోయిందని కొందరు కాపరులు దిగులుపడి, ప్రసంగంలో రానివాళ్లను గట్టిగా గద్దిస్తున్నారు. ఆ గద్దింపు రానివాళ్ల చెవిన పడదు. ఇల్లు చక్కబెట్టుకుని, పని మానుకుని వచ్చినవాళ్లే దాన్ని మోయాల్సి వస్తోంది. ఇది అన్యాయం. కారణం వెతకాల్సిన చోటు కూడా అది కాదు.

మన తెలుగు సంఘాల్లో పెద్ద భాగం మాల, మాదిగ కుటుంబాలు. పల్లెల్లో వాళ్లలో ఎక్కువమందికి కూలే ఆధారం. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు సంక్రాంతి దాటిందంటే మిర్చి కోతల జోరు. తెల్లవారకముందే ఆటో వచ్చి వీధిలో ఆగుతుంది. ఆదివారమని పండిన కాయ చెట్టు మీద ఆగదు. ఒకరోజు మానేస్తే ఆ కూలి పోవడమే కాదు, మర్నాడు ముఠాలో చోటు ఉంటుందో లేదో తెలియదు. ఇక కర్నూలు పడమటి మండలాలు, కోసిగి, ఆదోని వైపు నుంచైతే ఇళ్లకు తాళాలేసి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు చేలకు వలసపోతాయి. ఆ నెలల్లో అక్కడి మందిరంలో హాజరు లెక్కపెట్టి ఏం తెలుసుకుంటాం? పొద్దున పదింటికి మొదలై ఒంటిగంట దాకా సాగే ఆరాధన ఆదివారం సెలవున్న ఉద్యోగస్తులకు కుదురుతుంది. రోజుకూలీకి కుదరదు. హైదరాబాద్, బెంగళూరు వెళ్లి షాపింగ్ మాల్స్‌లో, డెలివరీ పనుల్లో చేరిన పిల్లలకైతే వారంలో ఊపిరాడనిది ఆదివారమే.

ఒంగోలు చరిత్ర తెలిసినవాళ్లకు ఇక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గుర్తుకు రావాలి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. బోధకులే అక్కడ పని పర్యవేక్షించారు, కూలీలు అలుపు తీర్చుకునే వేళ వాళ్ల పక్కన కూర్చుని వాక్యం చెప్పారు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను మన సభల్లో తరచూ గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనుక, జనం పలుగూ పారా పట్టిన చోటికే బోధకులు వెళ్లిన సంగతి మాత్రం చెప్పుకోం.

ఫోన్ ప్రభావం లేదని అనను. 2020 మార్చి లాక్‌డౌన్ నుంచి జూన్ 8న మందిరాలు తెరుచుకునే దాకా ఆరాధన ఫోన్లోనే నడిచింది. ఆ అలవాటు కొన్ని ఇళ్లలో ఉండిపోయింది. నగరంలోని పెద్ద చర్చి పాటల బృందంతో పల్లె పాస్టర్ పోటీ పడలేడు, పడక్కర్లేదు కూడా. ఇంట్లో ఎవరైనా చనిపోతే అర్ధరాత్రి వచ్చి కూర్చునేది ఆయనే.

అసలు టెన్షన్ గురించి మాత్రం బయట ఎవరూ మాట్లాడరు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ లాంటి సంఘాల్లో పాస్టర్‌కి ఎంతో కొంత జీతం ఉంటుంది. ఏ మిషనూ వెనుక లేని స్వతంత్ర సంఘంలో విశ్వాసులిచ్చే కానుక, దశమ భాగాలే (రాబడిలో పదో వంతు) ఆధారం. పదిమంది తగ్గితే ఆ వారం ఇంట్లో సరుకులు తగ్గుతాయి. పాస్టరమ్మ మిషన్ కుట్టో, కూలికి వెళ్లో నెట్టుకొచ్చే ఇళ్లు నాకు తెలుసు. ఆ భయంలో ఉన్న మనిషి తలలు లెక్కపెట్టకుండా ఎలా ఉంటాడు? జీతం భరోసా లేకుండా ఆయనకు సహనం గురించి పాఠాలు చెప్పడం మన తప్పు. ఒక మండలంలోని స్వతంత్ర సంఘాలన్నీ కలిసి ఉమ్మడి నిధి పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. నాయకుల మధ్య పంతాలే దానికి అడ్డు.

సంఘ రిజిస్టర్లో రాసుకున్న సభ్యుల లెక్క ఇంకో చిక్కు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర వాళ్లు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపు కిందికి వస్తారు. ఎస్సీ రిజర్వేషన్ కింద పిల్లలకు వచ్చే చదువు, ఉద్యోగం పోతాయన్న భయంతో ఏళ్లుగా ఆరాధనకు వస్తున్నవాళ్లూ రిజిస్టర్లో పేరు రాయించుకోరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనగణనలో 4 శాతం పైన ఉన్న క్రైస్తవులు 2011 నాటికి ఒకటిన్నర శాతం లోపు. ఈ అంకెలను విశ్వాసానికి కొలతగా తీసుకోలేం.

కోతల నెలల్లో ఆరాధనను రాత్రి ఏడింటికి మార్చవచ్చు. కూలీలు స్నానాలు చేసి, అన్నం తిని వస్తారు. వారం మధ్యలో కుటుంబ ప్రార్థనలు మళ్లీ వీధుల్లోకి రావాలి. కోసిగి నుంచి వలసపోయే కుటుంబాలు గుంటూరు జిల్లాలో ఏ ఊరి పక్కన గుడారాలు వేసుకుంటాయో వాళ్ల పాస్టర్‌కి ముందే తెలుస్తుంది. ఆ ఊరి పాస్టర్‌కి ఒక ఫోన్ చేస్తే, ఆయన సాయంత్రం గుడారాల దగ్గరికే వెళ్లి వాళ్లతో ప్రార్థన చేయగలడు.