2007కి ముందు ఫోన్‌లో ఆఫీసు పని జరగలేదా? రాణిగంజ్‌లో అడగండి

పోయిన వారం మా మేనల్లుడు మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు పెట్టాడు. అంతకు రెండు రోజుల ముందే అది మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ తిరిగింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ప్రపంచంలో మొట్టమొదటి స్మార్ట్‌ఫోన్ 2007లో వచ్చిన ఐఫోన్. అదే ఏడాది యాప్ స్టోర్‌తో సహా మన దేశానికీ వచ్చింది. అంతకుముందు ఫోన్ అంటే మాట్లాడటానికి, మెసేజ్ కొట్టడానికి, పాము ఆట ఆడుకోవడానికే. దాంతో ఆఫీసు పని చేసినవాడు లేడు. ఖరీదైన ఫోన్లు కొన్నవాళ్లంతా దర్పం కోసం కొన్నారు. ఫోన్‌లో తెలుగు చదవగలగడం కూడా ఐఫోన్ వల్లే.

కింద మావాడు "మావయ్యా, మీ రోజుల్లో నిజంగా ఇంతేనా?" అని అడిగాడు. ఇంత కాదురా అని ఒక ముక్కలో చెబితే సరిపోదు. నేను 2006 చివర్లో సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పంపుల డీలరు దగ్గర సేల్స్ ఇంజినీరుని. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, చర్లపల్లి ఫ్యాక్టరీలన్నీ నా బండి తిరిగిన దారులే. అప్పుడు నా జేబులో ఉన్నది నోకియా ఈ61. ఆ ఫోన్ మీద మూడేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెబుతాను.

మొదటిది, "తొలి స్మార్ట్‌ఫోన్" సంగతి. 1994 ఆగస్టులో అమెరికాలో ఐబీఎం తయారుచేసిన సైమన్ అనే ఫోన్ అమ్మకానికి వచ్చింది. దానికి టచ్ స్క్రీన్ ఉంది, గీయడానికి పుల్ల ఉంది. ఈమెయిలు, ఫ్యాక్స్, క్యాలెండరు, అడ్రసు పుస్తకం అన్నీ అందులోనే. బరువు అరకిలో దాకా ఉండేది, బ్యాటరీ గంటసేపే నిలిచేది. సుమారు 50,000 అమ్ముడుపోయాయి. 1996లో నోకియా 9000 కమ్యూనికేటర్ వచ్చింది, కళ్లజోడు పెట్టెలా తెరిస్తే లోపల పూర్తి కీబోర్డు. 2000లో ఎరిక్సన్ ఆర్380ని 'స్మార్ట్‌ఫోన్' అనే పేరు పెట్టే అమ్మారు. ఆ మాట పుట్టి, బజారుకెక్కి, ఏడేళ్లు గడిచాక ఐఫోన్ వచ్చింది. ఆ మధ్యలో ట్రియోలు, బ్లాక్‌బెర్రీలు, విండోస్ మొబైల్ ఫోన్లు, సింబియన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఫోన్లు ఎన్నో ఉన్నాయి. మన దగ్గర కుర్రాళ్లు మోజుపడ్డ గుండ్రటి నోకియా 6600 కూడా 2003 నాటి సింబియన్ స్మార్ట్‌ఫోనే. దాన్ని వాడినవాళ్లలో చాలామందికి తమ చేతిలో ఉన్నది స్మార్ట్‌ఫోన్ అని తెలియదు, అంతే.

ఐఫోన్ గొప్పతనం వేరే చోట ఉంది. పుల్లా వద్దు, బటన్లూ వద్దు, వేలు చాలు అంది. వెబ్ పేజీని కంప్యూటర్లో ఉన్నట్టే చూపించి, రెండు వేళ్లతో పెద్దది చేసుకోమంది. మొదటిసారి ఒక స్నేహితుడి చేతిలో దాన్ని చూసినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ ఘనత దానికి ఇవ్వాల్సిందే. అందుకోసం ముందున్నవాటిని చరిత్రలోంచి చెరిపెయ్యనక్కర్లేదు.

రెండోది తేదీల తప్పు. ఐఫోన్‌ని 2007 జనవరి 9న చూపించారు, అమెరికాలో జూన్ 29న అమ్మారు. యాప్ స్టోర్ అప్పుడు లేదు. బయటివాళ్ల యాప్‌లు వేసుకునే వీలే లేదు. అది 2008 జులైలో సుమారు 500 యాప్‌లతో మొదలైంది. మన దేశంలోకి మొదటి ఐఫోన్ అధికారికంగా రానేలేదు. వచ్చింది ఐఫోన్ 3జీ, 2008 ఆగస్టు 22న, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా. 8 జీబీది 31,000 రూపాయలు, 16 జీబీది 36,100. పేరులో 3జీ ఉన్నా, అప్పటికి మనకి ప్రైవేటు కంపెనీల 3జీ లేదు. వాళ్లకి 3జీ తరంగాల వేలం జరిగిందే 2010లో.

ఇంకో విషయం. ఒక చోట రాసిన వాక్యాన్ని కాపీ చేసి ఇంకో చోట అతికించడం ఐఫోన్‌లో 2009 జూన్ దాకా కుదరలేదు. కొటేషన్లు రాసే నాలాంటివాడికి అది చిన్న లోటు కాదు. నా ఫోన్‌లో ఆ పని మొదటి రోజు నుంచీ చేశాను.

ఇక మూడోది. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఈ మాటే: ఫోన్‌తో ఆఫీసు పని చేసినవాడు లేడట.

పంపుల వ్యాపారంలో కొటేషన్ ఎవరు ముందిస్తే వాళ్లదే ఆర్డరు. హెడ్ ఎంత (అంటే ఎంత ఎత్తుకి ఎక్కించాలి), డిశ్చార్జి ఎంత (అంటే గంటకో నిమిషానికో ఎంత తోడాలి), మోటారు ఎన్ని హెచ్‌పీ, పైతొడుగు అంటే కేసింగ్ బీడుదా స్టెయిన్‌లెస్ స్టీలుదా, ఇవన్నీ అడిగి రాసుకుని, ధరల పట్టిక చూసి, డిస్కౌంట్ తీసేసి, పన్ను కలిపి కాగితం మీద పెట్టాలి. ఫోన్ కొనకముందు నేను జీడిమెట్లలో వివరాలు రాసుకుని, పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి ఆఫీసుకి ఫోన్ చేసేవాణ్ణి. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి టైప్ చేసి, మా సారు సంతకం పెట్టాక ఫ్యాక్స్ పంపేది. సారు బ్యాంకుకి వెళ్తే ఆ రోజుకి అంతే. లేదా నేనే గంటసేపు ట్రాఫిక్‌లో రాణిగంజ్ తిరిగి రావాలి.

ఈ61 చేతికొచ్చాక ఏం మారిందో చెబుతాను. ధరల పట్టిక ఎక్సెల్ ఫైలు మెమరీ కార్డులో ఉండేది. తెరిస్తే అడ్డంగా నాలుగైదు గళ్లే కనిపించేవి, జాయ్‌స్టిక్‌తో పక్కకి జరుపుకుంటూ పోవాలి. స్క్రీను వెడల్పు 320 చుక్కలు. ఏ గడిలో ఏముందో కొన్నాళ్లకి చూడకుండానే తెలిసిపోయింది. కింద పూర్తి కీబోర్డు ఉండటంతో రెండు బొటనవేళ్లతో మెయిలు రాసేవాణ్ణి. ఒక బల్క్ డ్రగ్స్ ఫ్యాక్టరీలో పర్చేజ్ మేనేజరు గారు ఒకరోజు, "నాలుగింటికి మీటింగ్ ఉంది, ఆలోపు రేటు నా మెయిల్‌కి రాకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నారు. అప్పటికి మూడున్నర. ఆయన గది బయట బల్ల మీద కూర్చుని, మూడు పంపుల రేట్లు, డెలివరీ గడువు, పన్నులు రాసి పంపించాను. మూడూ యాభైకి ఆయన కంప్యూటర్లోంచి ప్రింటు తీసుకుని నా ముందే సంతకం పెట్టారు. ఆ ఆర్డరు కాగితం జిరాక్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కొన్ని మందుల ఫ్యాక్టరీల్లో కెమెరా ఉన్న ఫోన్లని గేటు దగ్గరే పెట్టించుకునేవాళ్లు. ఈ61కి కెమెరా లేదు, దాన్ని ఆఫీసు వాడకం కోసమే అలా చేశారు. సెక్యూరిటీ గార్డు అటూ ఇటూ తిప్పి చూసి లోపలికి పంపించేవాడు. కెమెరా ఫోను ఉన్న మా పోటీ కంపెనీ అబ్బాయి గేటు దగ్గర టోకెను తీసుకుని వట్టి చేతులతో వచ్చేవాడు.

కష్టాలు లేవని అనను. 2జీలో ఉన్న మెలిక ఏమిటంటే, అప్పటి ఫోన్లలో చాలావాటికి మాటా, డేటా ఒకేసారి నడవవు. మెయిలు వెళ్తుండగా ఎవరైనా ఫోన్ చేస్తే అది మధ్యలో ఆగిపోయేది. 200 కేబీ ఫైలు దిగడానికి ఒక్కోసారి ముప్పావు నిమిషం, ఒక్కోసారి మూడు నిమిషాలు. జీపీఆర్‌ఎస్, అంటే అప్పటి 2జీ ఇంటర్నెట్, మొదలుపెట్టడానికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే సెట్టింగులు మెసేజ్‌గా వచ్చేవి, వాటిని సేవ్ చేసుకోవాలి. ఒక నెల నా బిల్లు రెండింతలైంది, నేను కనెక్షన్ ఆపేశాననుకున్నాను, అది వెనకాల నడుస్తూనే ఉంది. సిమ్ కంపెనీవాళ్లతో మూడు వారాలు పోరాడితే సగం తగ్గించారు. యాప్‌లంటే .సిస్ అనే ఫైళ్లు, సింబియన్ ఫోన్లలో యాప్‌లు వేసుకునేది వాటితోనే. వాటిని వేసేటప్పుడు సర్టిఫికెట్ గడువు తీరిందని వస్తే, ఫోన్‌లో తారీఖు వెనక్కి తిప్పి వేసుకుని మళ్లీ ముందుకు తిప్పేవాళ్లం. ఆబిడ్స్‌లో ఫోన్లు అమ్మే జగదీశ్ మార్కెట్లో ఈ కిటుకు తెలియని కుర్రాడు ఉండేవాడు కాదు.

ఈ తిప్పలన్నీ పడి పని చేశాం. తిప్పలు పడటమే మేం ఆ పని చేశామనడానికి రుజువు. రాణిగంజ్‌లోనే కాదు, కోఠీ మందుల హోల్‌సేల్ దుకాణాల్లో తిరిగే రిప్రజెంటేటివ్‌లు, హైటెక్ సిటీలో బ్లాక్‌బెర్రీ పట్టుకుని అర్ధరాత్రి అమెరికా మెయిళ్లకి జవాబిచ్చిన ప్రాజెక్టు మేనేజర్లు, వీళ్లంతా ఎవరు మరి? వీళ్ల చాకిరీని "పాము ఆట" అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే నాకు బాధగానే ఉంటుంది.

దర్పం కోసం కొన్నామన్న మాటకి ఎక్కువ చెప్పక్కర్లేదు. నేను కొన్నది సెకండ్ హ్యాండ్‌లో, నెలన్నర జీతం పెట్టి. అందులో చీటీ పాట తారీఖులు, ఎల్‌ఐసీ ప్రీమియం గడువు, అమ్మ బీపీ మాత్రల పేర్లు, మా ఆవిడ చెప్పిన సామాన్ల జాబితా ఉండేవి. లింగంపల్లి ఎంఎంటీఎస్ రైళ్ల వేళలు నోట్స్‌లో నేనే ఎక్కించుకున్నాను. ఫోన్‌లో రాయడం అలవాటై జేబులో చిన్న డైరీ పెట్టుకోవడం మానేశాను. మామూలు మనిషి రోజువారీ వాడకం అంటే ఇంతకన్నా ఏముంటుంది?

చివరిది తెలుగు. ఇక్కడ ఆ పోస్టు పూర్తిగా తలకిందులు. 2007 ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు లేదు. చాలా ఏళ్ల తర్వాత కూడా, 2018 ఫిబ్రవరిలో, ఒక్క తెలుగు అక్షరం, 'జ్ఞా', మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కి 11.2.6 అనే అప్‌డేట్ వచ్చాక గానీ అది కుదురుకోలేదు. మళ్లీ 2007 రోజులకి వస్తే, స్మార్ట్‌ఫోన్లలో చాలావాటికి తెలుగు ఫాంటు లేదు, అక్షరాలకి బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనే మొదలైంది, తెలుగులో రాసేవాళ్లు ఇంటర్నెట్లో పెరుగుతున్నారు. ఫోన్‌లో మాత్రం డబ్బాలే.

దారి చూపించింది ఒపేరా మినీ అనే ఫోన్ బ్రౌజరు. అడ్రసు గడిలో 'ఒపేరా:కాన్ఫిగ్' అని ఇంగ్లీషులో కొడితే ఒక రహస్యపు అరలాంటి పేజీ తెరుచుకునేది. అందులో క్లిష్టమైన లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అనే ప్రశ్న ఉండేది. 'ఎస్' అని పెట్టి సేవ్ చేస్తే, ఆ కంపెనీ సర్వర్లు తెలుగు అక్షరాలని బొమ్మలుగా మార్చి పంపేవి. ఫోన్‌కి తెలుగు రాకపోయినా పర్వాలేదు, బొమ్మ చూపించడం వస్తే చాలు. ఇది నాకు చెప్పింది మా కాలనీలో ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి.

ఆ సాయంత్రం సికింద్రాబాద్‌లో 10హెచ్ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఆ సెట్టింగు మార్చాను. పేజీ దిగేసరికి బస్సు ప్యారడైజ్ దాటింది. డబ్బాలున్న చోట వరసగా తెలుగు అక్షరాలు వచ్చాయి, ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ. కాస్త మసకగా, అంచులు గరుగ్గా ఉన్నాయి. పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లజోడు సవరించుకుని నా ఫోన్‌లోకి వంగి, "తెలుగేనా బాబూ అది? ఇటు తిప్పు చూస్తా" అన్నారు. అమీర్‌పేట వచ్చేదాకా ఇద్దరం కలిసి చదివాం.