ఎక్మో అంటే ఆశ వదులుకోవడం కాదు

గుండె ఆపరేషన్ల మీద వచ్చిన ఒక వ్యాసంలో "ఆపరేషన్ తర్వాత గుండె బలహీనపడితే యంత్రం పెడతారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతకాలం తాను చేసే యంత్రం) అలాంటి వాటిలో ఒకటి. గుండె ఐసీయూలో నర్సుగా చేసినదాన్ని, ఇంకొంచెం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆపరేషన్‌లో ఆపి ఉంచిన గుండెను తిరిగి నడిపించాక, కొందరిలో కండరం బతికే ఉన్నా మొద్దుబారిపోతుంది. తేరుకోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అంతవరకు మెదడుకీ కిడ్నీలకీ రక్తం అందించడమే యంత్రం పని. గుండెను బాగుచేయడం దాని పని కాదు. 1966లో అమెరికాలోని హ్యూస్టన్‌లో గుండె సర్జన్ మైకేల్ డెబేకీ ఒక మహిళకు ఇలాగే 10 రోజులు పంపు పెట్టి తీసేస్తే ఆమె కోలుకుంది.

బెలూన్ పంపు, ఎక్మో ఒకటే అన్నట్టు రాశారు, అది సరికాదు. బృహద్ధమనిలో (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో) హీలియంతో ఉబ్బి తగ్గే బెలూన్, గుండె ఎంతో కొంత పనిచేస్తుంటేనే సాయపడుతుంది. ఎక్మో సిరలోంచి రక్తం తీసి, ఆక్సిజన్ కలిపి ధమనిలోకి నెడుతుంది. ఆ ఎదురు ఒత్తిడి ఎడమ జఠరిక (శరీరానికి రక్తం పంపే గుండె గది) మీదే పడుతుంది, అందుకే కొందరికి ఆ జఠరికను ఖాళీ చేసే ఏర్పాటు కూడా కావాలి.

అన్నిటికన్నా కష్టం రక్తం విషయంలో. గొట్టాల్లో గడ్డ కట్టకుండా హెపారిన్ ఇవ్వాలి, ఇస్తే అప్పుడే కుట్లు వేసిన ఛాతీలోంచి కారుతుంది. తొడ దగ్గర గొట్టం వేస్తే, కాలికి రక్తం అందక పాదం చల్లబడుతోందేమోనని గంటగంటకీ తడిమి చూసేవాళ్లం.

రోగి తాలూకు వాళ్లు "ఎన్నాళ్లు పెడతారు?" అని మాత్రమే అడుగుతారు. "గుండె తేరుకోకపోతే తర్వాత ఏం చేస్తారు?" అని కూడా మొదటి రోజే అడగండి. డాక్టర్లు విసుక్కోరు.