సర్వరు గది, తోటపని, ఇతర అప్రధాన వ్యవహారాలు

విజయవాడ బందరు రోడ్డులో ఉన్న ఒక సంస్థ, పేరు ఇక్కడ అనవసరం, తన సాంకేతిక విభాగాన్ని మొత్తంగా ఒక బయటి ఏజెన్సీకి అప్పగించడాన్ని కొందరు పనిగట్టుకుని తప్పుపడుతున్నారు. ఆ విమర్శలో పస లేదని చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఒక్క కుర్చీ కదలకుండా, ఒక్క యంత్రం చోటు మారకుండా, శుక్రవారం సాయంత్రం వరకు సొంతమైన జ్ఞానాన్ని సోమవారం ఉదయానికల్లా అద్దె సరుకుగా మార్చడం పరిపాలనలో చిన్న ఘనకార్యం కాదు.

సర్వర్లనూ నెట్‌వర్కునూ బిల్లింగ్ సాఫ్ట్‌వేరునూ ఏళ్ల తరబడి చూసుకుంటున్న ఇంజినీర్లను పిలిచి, ఇకపై మీరు మా మనుషులు కారు, ఏజెన్సీ మనుషులు అని చెప్పారు. పని అదే, బల్ల అదే, మెడలోని గుర్తింపు కార్డు తాడు రంగు మాత్రం మారింది. జీతం కూడా కొంత తగ్గింది. సంస్థ చెల్లించేది మాత్రం తగ్గలేదు, ఎందుకంటే మధ్యలో ఏజెన్సీ సేవా రుసుము, ఆ పైన 18 శాతం జీఎస్టీ చేరాయి. అయినా ఇది ఆదాయే. జీతాల పద్దు కింద రాసే ఖర్చు ఇప్పుడు సేవల కొనుగోలు పద్దు కిందికి వెళ్లింది కాబట్టి, జీతాల పద్దును మాత్రమే చదివే వారికి ఆ ఆదా స్పష్టంగా కనిపిస్తుంది. మిగతా పద్దులు కూడా చదవడం మర్యాద కాదు.

ఇష్టం లేక వెళ్లిపోదలచిన వారిని సంస్థ ఊరికే వదలలేదు, వారి చేత నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ చేయించింది. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తమకు తెలిసినదంతా ఒక పత్రంగా రాసి, ప్రతి పేజీ కింద సంతకం చేశారు. అర్ధరాత్రి బ్యాకప్ ఆగిపోతే ముందుగా ఏ సర్వీసును ఆపాలో, మే నెల ఎండకు ఏసీ ట్రిప్ అయితే ఏ యంత్రాన్ని కట్టేసి ఏది ఉంచాలో అందులో లేదు. ఆ సంగతులు రాయడానికి పత్రం నమూనాలో గడి లేదు.

చట్టం ఒప్పుకుంటుందా అని అడిగేవారున్నారు. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు వచ్చేదాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టానికి మన రాష్ట్రంలో 2003లో చేసిన సవరణ, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని చెబుతూ, పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, తోటపని వంటివి ప్రధానం కావని పేర్కొంది. మన సంస్థ చేసిందల్లా తోటపని పక్కన సర్వరు గదికి కాస్త చోటివ్వడం. సర్వరు గంటసేపు ఆగితే సంస్థ మొత్తం ఆగుతుందనీ, మొక్కకు ఒక పూట నీళ్లు పోయకపోతే ఎవరికీ తెలియదనీ వాదించవచ్చు. అటువంటి వాదన మొక్కల పట్ల చిన్నచూపు. కాంట్రాక్టు కార్మికుల నియామకాన్ని ప్రభుత్వం నిషేధించినా వారు తమంతట తాము సంస్థ ఉద్యోగులైపోరని, ఆ కాంట్రాక్టు ఉత్త బూటకమని తేలితే తప్ప అలా కోరలేరని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. కనుక జాగ్రత్త పడవలసింది ఒక్క విషయంలోనే: బూటకం బూటకంలా కనిపించకూడదు.

అసలు ఔట్‌సోర్సింగ్‌ను నిందించే అర్హత మన ప్రాంతానికి లేదు. 1989లో అమెరికాలో కొడాక్ కంపెనీ తన కంప్యూటర్ కేంద్రాల నిర్వహణను ఐబీఎంకు అప్పగించిన తరువాత మొదలైన ప్రవాహంలో ఒక పాయ కృష్ణా, గుంటూరు జిల్లాల దాకా వచ్చింది. పాత కంప్యూటర్లు 2000 సంవత్సరాన్ని 1900గా పొరబడతాయన్న తేదీ చిక్కును సరిచేసే పని పుణ్యమా అని ఎన్నో పెంకుటిళ్లు డాబాలయ్యాయి, డాబాలు అపార్ట్‌మెంట్లయ్యాయి. 2015లో ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థలో కంప్యూటర్ ఉద్యోగులు కొందరు, తమ స్థానంలోకి భారతదేశం నుంచి వచ్చిన వారికి తామే పని నేర్పి ఇంటికి వెళ్లవలసి వచ్చిందని వార్తలు వచ్చినప్పుడు, బెంజి సర్కిల్‌లో ఎవరూ ధర్నా చేసిన గుర్తు లేదు. అమెరికావాడి ఉద్యోగం మన అబ్బాయికి వస్తే ప్రపంచీకరణ, మన అబ్బాయి ఉద్యోగం ఏజెన్సీకి పోతే అన్యాయం అనడం న్యాయం కాదు. పైగా అక్కడ పని సముద్రాలు దాటి వెళ్లింది. ఇక్కడ పని ఒక గదిలో నుంచి అదే గదిలోకి వెళ్లింది. ఇంత తక్కువ ప్రయాణానికి ఇంత రుసుము రాబట్టిన ఏజెన్సీ ప్రతిభను గుర్తించకపోవడమే అసలైన అన్యాయం.

జేపీ మోర్గాన్ బ్యాంకు 2002లో ఐబీఎంతో 500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, 2004లో దాన్ని రద్దు చేసి పనిని మళ్లీ తన చేతిలోకి తీసుకుందని కొందరు గుర్తుచేస్తారు. బోయింగ్ 787 విమానం తయారీతో పాటు డిజైన్‌లో కూడా చాలా భాగాన్ని బయటివారికి అప్పగించాక, మొదటి విమానం మూడేళ్లకు పైగా ఆలస్యమై 2011లో గాని చేతికి రాలేదని కూడా అంటారు. ఇవి విదేశీ ఉదాహరణలు. స్థానిక పరిస్థితులకు వర్తించవు.

స్థానిక ఉదాహరణే కావాలంటే ప్రకాశం బ్యారేజీ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొని, వాటిని ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను (కౌంటర్‌వెయిట్లను) దెబ్బతీశాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడిని రప్పించి బాగు చేయించారు. అంతకు ముందు నెలలో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా ఆయన పర్యవేక్షణలోనే నీటిని ఆపారు. పని గొప్పదే గాని పద్ధతి మంచిది కాదు. పని ఎవరికి తెలుసో కనుక్కుని నేరుగా ఆయన్ని పిలవడం అలవాటైతే, అతి తక్కువ ధరకు కోట్ చేసినవారి గతి ఏమి కావాలి?

మన సంస్థలో ఇటువంటి తొందరపాటుకు తావు లేదు. తెర స్తంభిస్తే ముందు ఫిర్యాదు నమోదు చేసి టికెట్ నంబరు తీసుకోవాలి. గడువు లోపల టికెట్ మూసివేయకపోతే ఏజెన్సీకి జరిమానా పడుతుంది. అందుచేత టికెట్లు గడువు లోపల క్రమం తప్పకుండా మూతపడుతున్నాయి. తెర మాత్రం అలాగే ఉంటే కొత్త టికెట్ తీసుకోవచ్చు, పరిమితి ఏమీ లేదు. ఏజెన్సీ ఆ పనిని మరొక చిన్న సంస్థకు, అది ఇంకొకరికి అప్పగించింది కాబట్టి, చివరకు స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చే కుర్రవాడికి మన సంస్థతో బంధుత్వం వేలువిడిచిన మేనమామ వరుస. నెలాఖరు నివేదికలో మాత్రం అన్ని గడులూ పచ్చగా ఉంటాయి.

ఇంత చేసినా ఒక లొసుగు మిగిలిపోయింది. బిల్లింగ్ ఆగిన రాత్రి అకౌంట్సు విభాగం వారు టికెట్ తీసుకోకుండా, ఉద్యోగం వదిలి గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లో ఉంటున్న పాత ఇంజినీరుకు ఫోను చేస్తున్నారు. ఆయన కూడా అలవాటు కొద్దీ, ‘ఏమ్మా, మూడోది కట్టేసి రెండోది వేసి చూశారా?’ అని చెప్పేస్తున్నారు. ఏ ఒప్పందంలోనూ లేని ఈ ఉచిత సేవ సంస్కరణకు తీరని నష్టం. వచ్చే టెండరులో దీన్ని నిషేధించాలి. ఆయన సలహా తప్పనిసరి అనుకుంటే, ఆయన్ని ఏజెన్సీ తాలూకు ఉప కాంట్రాక్టరుకు కన్సల్టెంటుగా పెట్టి, గంటకు ఇంతని ధర కట్టి, బిల్లు అందిన 90 రోజులకు చెల్లించాలి. ఈ లోగా ఆయన కూడా జీఎస్టీ నంబరు ఒకటి తీసుకుని ఉంచుకోవడం మంచిది, లేకపోతే ఆడిట్ వారు అభ్యంతరం చెబుతారు.