మిషనుకు పాలు తాపిన కథ

బెంగుళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి సంక్రాంతికి వస్తూ క్యాప్సూల్ కాఫీ మిషనొకటి, ఇథియోపియా యిర్గచెఫ్ కాఫీ క్యాప్సూళ్ళ పెట్టె ఒకటి తెచ్చాడు. స్టోన్‌హౌస్‌పేట ఇంట్లో వంటగట్టు మీద పెట్టి, "బటన్ నొక్కితే చాలు నాన్నా" అని చెప్పి నెల్లూరులో బస్సెక్కేశాడు.

నొక్కారు. గుర్రుమంది. కప్పు అడుగున 40 మిల్లీలీటర్లు పడి ఆగిపోయింది.

"ఏందే ఇది, గుళ్ళో తీర్థమా?" అన్నాడు పెద్దాయన.

మిషను తప్పేమీ లేదు. క్యాప్సూల్ అనే ఆ అల్యూమినియం డొప్పలో ఉండే పొడే ఐదారు గ్రాములు. మూత వేయగానే వెనకవైపు సూదులు గుచ్చుకుంటాయి, పంపు వేడినీళ్ళను లోపలికి తోస్తుంది, ముందున్న రేకు గళ్ళ పలకకు ఆని చిట్లి డికాక్షన్ దిగుతుంది. అంత పొడికి అన్ని నీళ్ళే లెక్క. ఆయనేమో స్టీలు గ్లాసు నిండేదాకా అదే డొప్ప మీద మళ్ళీ మళ్ళీ నొక్కాడు. సారం మొదటి విడతలోనే దిగిపోయింది, ఆ తర్వాత వచ్చిందంతా చేదు నీళ్ళే.

యిర్గచెఫ్ కాఫీకి మల్లెపూల వాసన, నిమ్మ పులుపు సహజం. గింజను లేతగా వేయిస్తారు కాబట్టి ఆ పులుపు నిలుస్తుంది. చికోరీ కాఫీకి అలవాటుపడ్డ నాలుకకు మాత్రం అది నిన్నటి డికాక్షనే. "పాలు పడితే సర్దుకుంటుంది" అని తీర్మానించి, వెనకున్న నీళ్ళ ట్యాంకులో అర లీటరు గేదె పాలు పోసేశాడు.

లోపల హీటరు దారి సన్నగా ఉంటుంది. అందులో పాలు మాడి అంటుకుంటాయి. అరకప్పు మాడు వాసనతో వచ్చింది, ఆపైన పంపు మూలగడం, లైట్లు మిణుకుమిణుకుమనడం.

పక్కింటి పిన్నిగారు వచ్చి, "నిమ్మ ఉప్పు కలిపి పొయ్యి అబ్బయ్యా, అంతా కడిగేస్తది" అన్నారు. బోరు నీళ్ళకు పట్టే తెల్లపొరకైతే అది బంగారం లాంటి సలహా. లోపల పాలున్నప్పుడు పులుపు పోస్తే ఏమవుతుందో ఆవిడకు తెలియనిది కాదు, రోజూ వంటింట్లో ఉండే మనిషే. విరిగాయి.

మిక్సీలు బాగుచేసే అతను విప్పి చూసి, "ఏం సార్, దీంట్లో పెరుగు తోడేశారా?" అన్నాడు.

పొరపాటున పాలు పోస్తే వెంటనే ట్యాంకు తీసి కడగాలి. డొప్ప పెట్టకుండా గోరువెచ్చని మంచినీళ్ళు నాలుగైదు ట్యాంకులు, బయటికొచ్చే నీళ్ళు తేటపడేదాకా వదలాలి. నిమ్మ ఉప్పు వంతు ఆ తర్వాతే. పాల కాఫీ తాగేవాళ్ళు పాలు విడిగా కాచుకుని, 40 మిల్లీలీటర్ల డికాక్షన్‌లో 60, 70 కలుపుకుంటే చాలు. ఆఫ్రికా కాఫీయే కావాలంటే ముదురుగా వేయించిన ఉగాండా రోబస్టా రకం గింజల పొడి ఉన్న డొప్పలు తెప్పించండి, పాలకు తట్టుకుంటాయి.

వాడిన డొప్పలు చల్లారాక రేకు చించి, పిప్పి కరివేపాకు మొదట్లో వేసి, కడిగి ఎండబెట్టాలి. అల్యూమినియాన్ని మళ్ళీ కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో 5 శాతం దాకానే పడుతుంది. పెద్దావిడ పెట్టెడు డొప్పలూ ఇలాగే శుభ్రం చేసి పాత సామాన్ల బండతనికి చూపించింది. త్రాసు ముల్లు కదల్లేదు. ఒక్కోటి గ్రాము అటూ ఇటూ. రోజుకు రెండు తాగితే కిలో కావడానికి 500 రోజులు.

"ఇత్తడేమన్నా ఉంటే చూడమ్మా" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.